భయం నవలల్లోని వస్తువులకు నకళ్లు చేయడం: గీతలో మసి, అంచున మెరుపు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. గాజువాకలో అద్దె గదిలో ఉంటున్నారు. భయం నవలలన్నా, వాటిని తీసుకుని చేసిన సినిమాలన్నా ఇష్టం. వాటిలో కనిపించే వస్తువులకు నకళ్లు చేసి అల్మరాలో పెట్టుకోవాలనుకున్నారు. థర్మోకోలుకు బంగారు రంగు వేసి 'హెల్‌రైజర్' సినిమాలోని పెట్టె చేశారు. టీ నీళ్లలో కాగితాలు నానబెట్టి, అంచులు కాల్చి ఒక మంత్రాల పుస్తకం చేశారు. రెండూ బడిపిల్లల ప్రాజెక్టుల్లా ఉన్నాయని మీరే అన్నారు. పెద్ద యంత్రాలు లేకుండా, నాలుగైదు వేల రూపాయల్లో, చూసినవాళ్లు ముట్టుకోవడానికి జంకేలా చేయడం ఎలా అని అడిగారు.

నేను ఫౌండ్రీలో చెక్క నమూనాలు చేసే పనిలో ముప్ఫై ఏళ్లు ఉన్నాను. పోత పోసే ముందు ఇసుకలో అచ్చు తీయడానికి చెక్కతో చేసే ముక్కలు అవి. సాయంత్రాలు నాటకాలవాళ్లకు సామాను చేసి ఇచ్చేవాణ్ణి. విశాఖ కళాభారతి హాల్లో తెర లేచాక నేను చేసిన కత్తి, కపాలం, కడియం వెనక వరసవాళ్లకు ఎలా ఆనుతున్నాయో నిలబడి చూసేవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను.

మీరు పెట్టిన ఫోటోలు చూశాను. పెట్టె అన్ని వైపులా ఒకేలా మెరుస్తోంది. పుస్తకం అన్ని అంచులా ఒకేలా కాలింది. చేతిపనిలో మీకు లోటు లేదు, లోపమంతా ఆ 'ఒకేలా'లోనే ఉంది. మీ ఇంట్లో పాత ఇత్తడి చెంబు ఉంటే తీసి చూడండి. చెయ్యి పట్టుకునే మెడ దగ్గర మెరుస్తుంది, అడుగు అంచు కింద పచ్చగా చిలుం పడుతుంది, పేరు చెక్కించిన అక్షరాల్లో మసి పేరుకుపోయి ఉంటుంది. ఎన్నేళ్లు తోమినా ఆ గీతల్లోకి చింతపండు వెళ్లదు. దాన్ని వాడిన మనుషుల చేతులన్నీ అక్కడ కనిపిస్తాయి. భయం పుట్టించే వస్తువు కూడా అంతే. దాని మీద కపాలం బొమ్మ ఉందా లేదా అన్నది తరువాతి మాట. ఇంతకు ముందు దీన్ని ఎవరో వాడారు అని తెలియాలి. ఎవరు, ఎక్కడ పట్టుకుని వాడారన్నది మొదట మీరు తేల్చుకుంటే, రంగు ఎక్కడ పోవాలో, మురికి ఎక్కడ నిలవాలో దానంతట అదే తేలుతుంది.

ఇంకో సంగతి తేల్చుకోవాలి. మీరు చేస్తున్నది నవలలోని వస్తువా, సినిమాలోదా? చాలామంది ఇక్కడే తడబడతారు. స్టీఫెన్ కింగ్ 'ది షైనింగ్' నవల 1977లో వచ్చింది. అందులో తండ్రి చేతిలో ఉండేది రోక్ అనే ఆటలో వాడే పొడవాటి కర్ర సుత్తి. 1980లో కుబ్రిక్ తీసిన సినిమాలో అది గొడ్డలి అయింది. ఇప్పుడు ఎవరిని అడిగినా గొడ్డలే అంటారు. గొడ్డలి చేస్తే అందరూ గుర్తుపడతారు, కర్ర సుత్తి చేస్తే నవల చదివినవాడు ఒక్కడు గుర్తుపట్టి మీ భుజం తడతాడు. నాకైతే రెండో రకమే ఇష్టం. మీరు బంగారు రంగు వేసిన పెట్టె సంగతీ ఇదే. క్లైవ్ బార్కర్ 1986లో రాసిన చిన్న నవలలో అది నల్లగా నునుపుగా లక్క పూత పూసిన పెట్టె, ఎక్కడ నొక్కితే తెరుచుకుంటుందో అంతుపట్టదు. ఆ బంగారు గీతలన్నీ మరుసటి ఏడాది ఆయనే తీసిన 'హెల్‌రైజర్' సినిమాతో వచ్చాయి. నవలలోని పెట్టె చేస్తానంటే పని సగానికి సగం తగ్గుతుంది. కాని మీ మనసు ఆ గీతల మీదే ఉందని ఫోటో చెబుతోంది కాబట్టి దాని గురించే రాస్తాను.

ముందు థర్మోకోలు పారేయండి. అది చేతిలో పెట్టగానే అబద్ధం బయటపడుతుంది. ఆ పెట్టె అరచేతిలో పట్టేంతే, సుమారు మూడు అంగుళాల ఘనం. అది చేతిలోకి రాగానే చెయ్యి కొంచెం కిందికి దిగాలి. పాత ఇళ్లు కూల్చినప్పుడు వచ్చే టేకు ద్వారబంధాల ముక్కలు పాత కలప దుకాణాల్లో దొరుకుతాయి. యాభై అరవై ఏళ్లు ఎండిన కర్ర అది, ఇక వంకరపోదు. నా దగ్గర ఉన్నది నిద్రగన్నేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్లాక మా వీధిలో పడిపోయిన చెట్టు కొమ్మలు రెండు తెచ్చి మేడ మెట్ల కింద పెట్టాను. నాలుగేళ్లు ముట్టుకోలేదు. ఆ గాలివాన హోరు విన్నవాళ్లకు ఆ కర్రతో చేసిన పెట్టె అని చెబితే చాలు, మిగతా కథ అక్కర్లేదు.

ఆరు పలకలు కోసి పెట్టెగా అతికించేటప్పుడు లోపల రెండు ఇనుప బోల్టులు మైనంలో కదలకుండా ఇరికించండి, బరువు కోసం. ఒక గచ్చకాయను మాత్రం వదులుగా వేసి మూసేయండి. పెట్టెను పక్కకు వంచినప్పుడు లోపల ఏదో నెమ్మదిగా దొర్లి ఆగుతుంది. ఏముందని అందరూ అడుగుతారు. చెప్పకండి. కదిలే మీటలు, తిరిగే పలకలు మొదటి పెట్టెకు వద్దు. నేను చేసిన మొదటి తిరిగే పెట్టె శ్రావణంలో ఉబ్బి బిగుసుకుపోయింది, ఇప్పటికీ తెరుచుకోలేదు. ఒక రకంగా నవలలో ఉన్నట్టే ఉంది.

గీతలకు అర మిల్లీమీటరు మందం ఇత్తడి రేకు తీసుకోండి. బొమ్మను లేజర్ ప్రింటరుతో పత్రికల నున్నటి కాగితం మీద ప్రింటు తీయించి, శుభ్రంగా తోమి ఆరబెట్టిన రేకు మీద బోర్లించి, ఇస్త్రీ పెట్టెతో గట్టిగా వేడి చేస్తే ప్రింటరు నలుపు రేకుకు అంటుకుంటుంది. తరువాత నీళ్లలో నానబెట్టి కాగితాన్ని వేలితో నెమ్మదిగా రుద్ది ఊడదీయాలి. నలుపు ఉన్న చోట రేకు కరగదు కాబట్టి, అది లేచిపోయిన చోట గోళ్ల రంగుతో సరిచేయండి, రేకు వెనక వైపు టేపు అంటించండి. ఎలక్ట్రానిక్ విడిభాగాల దుకాణంలో సర్క్యూట్ బోర్డుల కోసం అమ్మే ఫెర్రిక్ క్లోరైడ్ దొరుకుతుంది. ప్లాస్టిక్ డబ్బాలో ఆ ద్రావణం పోసి, రేకును బొమ్మ ఉన్న వైపు కిందికి ఉండేలా వేలాడదీయండి. కరిగిన లోహం మడ్డిగా కిందికి రాలిపోతుంది, గీత అంచు పదునుగా వస్తుంది. పైకి పెడితే మడ్డి గీతలోనే కూర్చుని పని ఆపేస్తుంది. పది నిమిషాలకోసారి తీసి కడిగి గోటితో తడిమి చూడండి. గోరు గీతలో తట్టుకుని ఆగిందంటే లోతు చాలు. స్టీలు గిన్నె వాడవద్దు, అది కూడా కరుగుతుంది. చేతికి తొడుగులు, కళ్లకు అద్దాలు, తెరిచిన కిటికీ తప్పనిసరి. బట్ట మీద పడితే ఆ పసుపు మరక పోదు. ఇంటి యజమాని గచ్చు మీద పడితే మీ అడ్వాన్సూ పోతుంది. వాడేసిన ద్రావణంలో రాగి ఉంటుంది కాబట్టి కాలువలో పోయకూడదు. పొంగు ఆగేదాకా వంట సోడా వేసి, అడుగున చేరిన మడ్డిని ఎండబెట్టి, ప్రమాదకరమైన చెత్త కింద విడిగా ఇవ్వండి.

రేకులను ఆరల్డైట్‌తో అతికించాక అసలు పని మొదలవుతుంది. నల్ల రంగు పల్చగా కలిపి పెట్టె అంతటా పూసి, అర నిమిషం ఆగి, పాత బనియను గుడ్డతో తుడిచేయండి. గీతల్లో నిలిచింది నిలుస్తుంది, పైది పోతుంది. అది ఆరాక రేకును మసకబార్చాలి. దానికి అమ్మోనియా ఆవిరి పట్టేవాళ్లున్నారు, అద్దె గదిలో ఆ పని పెట్టుకోవద్దు. మనకు సముద్రం ఉంది. కాస్త ఉప్పు నీళ్లు చిలకరించి వారం రోజులు బాల్కనీలో వదిలితే చాలు, మన గాలే మిగతాది చూసుకుంటుంది. చివర చింతపండు. నిమ్మకాయంత పండు తడిపి, నాలుగు మూలల మీద, రెండు బొటనవేళ్లు ఆనే చోట మాత్రమే రుద్దండి. ఇంకెక్కడా వద్దు. పెట్టెను అలవాటుగా పట్టుకుని తిప్పినవాడి వేళ్లు ఎక్కడ పడేవో అక్కడే ఇత్తడి వెలుగుతుంది. నేను ఇచ్చినవాళ్లంతా తమకు తెలియకుండానే బొటనవేళ్లు సరిగ్గా అక్కడే పెట్టి పట్టుకోవడం చూశాను.

గీసి, మసి రుద్ది, తుడిచేసే ఈ పద్ధతి సినిమావాళ్ల సొంతం కాదు, మన ఊరిది. పద్దెనిమిదో శతాబ్దంలో విశాఖపట్నం వడ్రంగులు గంధపు చెక్క పెట్టెలకు ఏనుగు దంతపు రేకులు తొడిగి, వాటి మీద సన్నగా పూలు, తీగలు గీసి, ఆ గీతల్లో నల్ల లక్క నింపేవారు. ఇంగ్లీషు దొరలు కొనుక్కుని ఓడల్లో తీసుకెళ్లారు. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో విశాఖ పనివాళ్ల సామాను ఇప్పటికీ ఉంది. ఫోటోలు వెతికి చూడండి, వాటి మూలలు ఎలా అరిగాయో గమనించండి. దంతం మాత్రం తలపెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం, తరువాత దానికి చేసిన సవరణల కింద అది నేరం. దుప్పి కొమ్ము, అడవి జంతువు పుర్రె, పులి గోరు అన్నీ అంతే. ఎవరైనా 'మా తాతగారిది' అని అమ్మజూపినా వద్దనండి.

ఇక మీ పుస్తకం. అంచులు కాల్చడం మానేయండి. నిజంగా పాతబడిన పుస్తకం అంచులు కాలి ఉండవు, పేజీ తిప్పే కింది మూల మురికిపట్టి మెత్తబడి ఉంటుంది. అసలు మన మాంత్రికుడికి తోలు అట్ట పుస్తకం ఎందుకు? యండమూరి నవలలు 'తులసిదళం', 'కాష్మోరా' వారపత్రికలో సీరియల్‌గా వస్తుంటే వారం వారం ఎదురుచూసి చదివిన తరం మాది. మా ఊహలోని గ్రంథం తాటాకులదే. తాటిచెట్లు ఊరు దాటగానే కనిపిస్తాయి, ఖర్చు దాదాపు లేదు.

మరీ ముదరని ఆకు తీసుకుని ఈనెలు తీసేసి, జానెడున్నర పొడవు, రెండంగుళాల వెడల్పు ముక్కలు కోయండి. పసుపు వేసిన నీళ్లలో ఉడికించి, నీడలో ఆరబెట్టి, వారం రోజులు బరువు కింద పెట్టండి. గంటం బదులు జామెట్రీ బాక్సులోని వృత్తలేఖిని ముల్లు చాలు. ముల్లు నిలువుగా కాకుండా కాస్త వాల్చి పట్టుకోవాలి. ఆకును ఎడమ చేతి వేళ్ల మీద ఆనించి, ముల్లును కదపకుండా ఆకునే నెమ్మదిగా జరుపుతూ రాస్తే అక్షరం గుండ్రంగా తిరుగుతుంది. నారల వెంబడి అడ్డంగా గట్టిగా లాగితే ఆకు చర్రున చీలుతుంది. మన అక్షరాల గుండ్రదనానికి ఇదే కారణమని పెద్దలు చెప్పే మాట ఆ శబ్దం విన్నప్పుడు నమ్మబుద్ధేస్తుంది. గీసినంతసేపూ రాసింది కనపడదు. ఆకు ఖాళీగానే ఉంటుంది. ఆముదపు దీపం మీద పళ్లెం బోర్లించి పట్టిన మసిలో రెండు చుక్కల నూనె కలిపి, ఆకు మీద రుద్ది, గుడ్డతో ఒక్కసారి తుడవండి. నల్లటి వరసలు ఒక్కసారిగా పైకి లేస్తాయి. నలభై ఏళ్లుగా చేస్తున్నాను, ఆ క్షణంలో ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది. పదాల మధ్య ఖాళీ వదలకండి, పాత తాళపత్రాల్లో అలాగే ఉంటుంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయంలో తాళపత్రాల సేకరణ ఉంది. వీలైతే అనుమతి తీసుకుని ఒకసారి చూసి రండి, పుస్తకాల్లోని ఫోటోలకూ దానికీ పోలికే లేదు.

ఏం రాయాలన్న సందేహం వస్తుంది. నిజమైన మంత్రాలు రాయకండి, భక్తి ఉన్నవాళ్లకు బాధ కలుగుతుంది. నేను చేసిన గ్రంథంలో ఉన్నది మా అమ్మ ఆవకాయ కొలతలు. నాటకంలో మాంత్రికుడు దాన్ని విప్పి చదువుతుంటే ముందు వరసలో ఒక పిల్లవాడు ఏడుపు అందుకున్నాడు. నాటకం అయ్యాక వేదిక మీదికి వచ్చిన ఒక పెద్దావిడ ఆకును కళ్ల దగ్గర పెట్టుకుని చదివి, 'మెంతిపిండి ఎక్కువైంది బాబూ' అని వెళ్లిపోయారు.

మన వాతావరణం గురించి రెండు మాటలు. జూలై నుంచి అక్టోబరు దాకా ఇక్కడ ఎపాక్సీ రెసిన్ (అచ్చులో పోస్తే గట్టిపడే ప్లాస్టిక్ ద్రవం) పోయకండి. గాలిలో తేమకు పైన జిడ్డులాంటి పొర కడుతుంది, దాని మీద వేసిన రంగు పెచ్చులుగా లేస్తుంది. పోత పనులన్నీ డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పెట్టుకోండి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ తేమ పీల్చి బూజు పడుతుంది కాబట్టి అన్ని వైపులా వార్నిష్ పట్టించాలి. చెక్క వస్తువుకు కనపడని అడుగు వైపు కూడా పాలిష్ వేయాలి, లేకపోతే ఒక వైపే తేమ పీల్చి వంగిపోతుంది. ఇదే వాతావరణం తుప్పు విషయంలో గురువు. ఫిషింగ్ హార్బర్‌కు పొద్దున్నే వెళ్లి గొలుసులు, లంగర్లు చూడండి. తుప్పు ఒక రంగు కాదు. నారింజ, ఇటుక, కాఫీ గింజ రంగు, దాదాపు నలుపు, ఇవన్నీ ఒకే లంకెలో కనిపిస్తాయి. భీమిలి డచ్చివారి సమాధుల దగ్గర ఉప్పు గాలికి రాతి అక్షరాలు ఎలా అరిగాయో చూడండి. ఫోనులో వంద ఫోటోలు తీసుకోండి, నాలుగేళ్లు పనికొస్తాయి.

రక్తం తక్కువ వాడండి. పాత రక్తం ఎర్రగా ఉండదు, కాచు రంగులోకి, ఆపైన నలుపులోకి మారుతుంది. ఒకసారి బెల్లం పాకంలో ఎర్ర రంగు కలిపి కత్తికి పూసి రాత్రి అక్కడే వదిలేశాను. తెల్లారేసరికి కత్తి మొత్తం చీమలు. నాటకం దర్శకుడికి అది ఎంత నచ్చిందంటే, చీమలను అలాగే ఉంచగలమా అని అడిగాడు.

సూదులు గుచ్చిన బొమ్మ చేయాలనుందని చివర్లో రాశారు. తలకు అంకుడు కర్ర వాడండి, ఏటికొప్పాక బొమ్మలు చేసేది దానితోనే. మెత్తగా, తేలికగా ఉంటుంది, చాకుతో కూడా తెగుతుంది. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చిన ఆ బొమ్మల మీద లక్క నునుపు చూశారు కదా. భయానికి ఆ నునుపే పనికొస్తుంది. ముఖం మీద కళ్లు, నోరు ఏమీ చెక్కకుండా, ఎవరో ఎన్నో ఏళ్లు నిమిరినట్టు నున్నగా వదిలేయండి.

కాని ఈ బొమ్మ విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి, దీన్ని తేలికగా తీసుకోవద్దు. పెట్టెను చూసి సినిమా అనుకుంటారు. బొమ్మను చూసి మన దగ్గర ఎవరూ సినిమా అనుకోరు. చిల్లంగి, అంటే చేతబడి, పెట్టారన్న అనుమానంతో మన ఏజెన్సీలో మనుషులను చంపిన సంఘటనలు ఉన్నాయి. ఒకసారి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఆటో ఎక్కి వెళుతుంటే నా సంచిలోంచి బొమ్మ జారి సీటు మీద పడింది. డ్రైవరు అద్దంలో చూసి, బండి పక్కకు ఆపి, కిందికి దిగి నిలబడ్డాడు. డబ్బులు కూడా తీసుకోలేదు. నాటకం కరపత్రం చూపించి, సూదులు తీసి చేతిలో పెట్టి, అరగంట మాట్లాడితే గాని మళ్లీ బండి ఎక్కలేదు. అప్పటినుంచి ప్రతి బొమ్మ అడుగున 'నాటకం సామాను' అని, చేసిన తేదీ రాస్తున్నాను. బయటికి తీసుకెళితే సూదులు విడిగా డబ్బాలో ఉంటాయి. ఫోటో కోసం దాన్ని నాలుగు వీధుల కూడలిలోనో, పక్కింటివాళ్ల గుమ్మం ముందో పెట్టకండి. నిజమైన మనిషి పేరు, జుట్టు, ఫోటో దాని దగ్గరికి రానివ్వకండి. పనిమనిషి మీ గది ఊడుస్తుంటే ముందుగానే చెప్పి చూపించండి. సినిమా నమూనాలను చేసి అమ్మాలనుకుంటే హక్కుల గొడవ వేరే ఉంటుంది, మీ అల్మరాకు చేసుకుంటే ఆ తలనొప్పి లేదు.

ఇవన్నీ చదివి రేపే ఇత్తడి రేకు కొనకండి. మొదట కాగితం పడవ చేయండి. స్టీఫెన్ కింగ్ 'ఇట్' నవల మొదటి వాక్యంలోనే ఉంది ఆ పడవ, వార్తాపత్రిక కాగితంతో చేసింది. నవలలో ఆ వాన 1957లో పడుతుంది, 2017 సినిమాలో 1988కి జరిగింది. సినిమాలోది తెల్ల కాగితం, పక్కన పడవ పేరు రాసి ఉంటుంది. రెండింటికీ మైనం పూత ఉంటుంది. మీకు ఏది కావాలో ఎంచుకోండి. తెలుగు పత్రికతో చేస్తే ఇంకా బాగుంటుందని నా అభిప్రాయం. కొవ్వొత్తులు తరిగి గిన్నెలో వేసి, ఆ గిన్నెను మరుగుతున్న నీళ్లలో పెట్టి కరిగించండి, నేరుగా మంట మీద పెడితే అంటుకుంటుంది. కుంచెతో లోపలా బయటా పూసి, జుట్టు ఆరబెట్టే యంత్రంతో వేడి గాలి కొడితే మైనం కాగితంలోకి ఇంకి, అవతలి పేజీ అక్షరాలు నీడలా పైకి తేలుతాయి. ముందు కొసను రెండు వేళ్లతో పట్టుకుని కొంచెం నలపండి, పిల్లవాడు పట్టుకునేది అక్కడే. తరువాత బకెట్ నీళ్లలో ఒక రాత్రి వదలండి. తెల్లారేసరికి మునగకుండా ఉంటే ఫోటో పెట్టండి, రేకు ఎక్కడ కొనాలో అప్పుడు చెబుతాను.